అత్త చేతులు నడిచే సిస్టమ్

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన మా మేనత్తను చూడటానికి కొండాపూర్ వెళ్ళిన రోజు, ఆవిడ నా కళ్ళ ముందే పలకను గోడకేసి కొట్టింది. గొంతులో గడ్డ ముదిరిపోయిందని డాక్టర్లు స్వరపేటికను పూర్తిగా తీసేశారు. ఇక ఆవిడకు నోటితో మాటన్నది లేదు, ఊపిరి కూడా మెడ కింద పెట్టిన రంధ్రంలోంచే తీసుకోవాలి. చెప్పాలనుకున్నది రాసి చూపించమని ఆస్పత్రివాళ్ళు ఒక తెల్ల ప్లాస్టిక్ పలక, స్కెచ్ పెన్ను ఇచ్చి పంపారు. ఆ పలకతో వచ్చిన చిక్కేమిటంటే, రెండు ముక్కలు రాసేలోగా ఎదుటివాళ్ళు మిగతాది తామే పూర్తి చేసేస్తారు. ఆ రోజు అత్త "నాకు" అని రాసిందో లేదో, మామ అందుకున్నాడు. "నీళ్ళు కావాల్నా? దుప్పటి కప్పాల్నా? ఫ్యాను తగ్గించాల్నా?" అత్త ఆయన వంక ఒక్క చూపు చూసి పలక విసిరింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, కుట్లు ఇంకా ఆరని మనిషి, అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! మామ వంగి ముక్కలు ఏరుతుంటే నాకు ఇద్దరి మీదా జాలి, ఇద్దరి మీదా కోపం ఒక్కసారే వచ్చాయి.

పద్మావతి అత్త మాటకారి. ఆవిడ ఒక సంగతి ఎత్తుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి గానీ వదిలేది కాదు. మధ్యలో దూరబోతే, "నా నోట్లో మాట నీకేంటికి పాపా, నీ నోట్లో పండ్లు లేవా?" అనేది. వాళ్ళకు పిల్లలు లేరు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు కోసం ప్రొద్దుటూరు నుంచి వచ్చి, ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంట్లోనే పడుకుని, ఆ ఇంటి నుంచే మొదటి ఉద్యోగానికి వెళ్ళినదాన్ని నేను. అందుకే ఇప్పుడు వాళ్ళకు ఏం వచ్చినా నా ఫోనే మోగుతుంది. మోగనీ, దానికి నాకేం బాధ లేదు. కానీ ఫోన్ ఎత్తితే అవతల అత్త గొంతు ఉండదన్న సంగతి ఇంకా అలవాటు కాలేదు.

పలక ముక్కలు చెత్తబుట్టలో వేశాక, వేడినీళ్ళ సంచి కోసం మామ నన్ను సజ్జ ఎక్కించాడు. సంచి దొరకలేదు. పాత నూలుచీర ముక్కలో చుట్టిపెట్టిన కీబోర్డు దొరికింది. మీటల మీద అక్షరమన్నది ఒక్కటీ మిగల్లేదు, అన్నీ అరిగిపోయి పాలపళ్ళలా నున్నగా ఉన్నాయి. దుమ్ము తుడిచి మంచం మీద పెట్టగానే అత్త దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. వేళ్ళు కదిలాయి. దాని తీగ దేనికీ తగిలించి లేదు, కొట్టింది ఎక్కడా పడటం లేదు, అయినా టకటకా కొడుతూనే ఉంది. వాక్యం అయినచోట కాబోలు, ఒక క్షణం ఆగి మళ్ళీ అందుకునేది. మామ కాసేపు నిలబడి చూసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఏం చెయ్యాలో నాకు అప్పుడే తట్టింది. ఆ వేళ్ళు కొట్టింది కొట్టినట్టు తెలుగులో పడే కంప్యూటర్ కావాలి. పడిన మాటను అది పైకి చదవాలి. పలకైతే పూర్తి చేసేస్తారు గానీ, ఆవిడ కొట్టే వేగానికి మధ్యలో దూరే మొనగాడు ఇంకా పుట్టలేదు. చెప్పడానికి ఎంత సులువో! హైటెక్ సిటీలో ఒక కంపెనీ సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. ఏ పనికి ఏ లినక్స్ వెయ్యాలో తేల్చినందుకే నాకు జీతమిస్తారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, లినక్స్ అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపేదే, కాకపోతే ఉచితం, ఎవరైనా విప్పి తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఉన్న సరుకు ఒకటే అయినా రకరకాల వాళ్ళు దాన్ని రకరకాలుగా వండి, ఒక్కో వంటకు ఒక్కో పేరు పెట్టి వడ్డిస్తారు. వాటిలో మనకు ఏది పడుతుందన్నదే ఎప్పుడూ ఉండే తగువు. ఆ తగువు అత్తావాళ్ళింట్లోకి ఒకసారి వచ్చింది. అప్పుడు పెద్దవాళ్ళు దాన్ని ఎలా తీర్చారో చూసినదాన్ని కాబట్టి, ఈసారి నాకు భయం వేసింది.

అప్పటి కొండాపూర్ అంటే బండరాళ్ళు, తుమ్మచెట్లు, వాటి మధ్య ఒక్కొక్కటే లేస్తున్న అద్దాల భవనాలు. అత్తావాళ్ళది రోడ్డు మీదికున్న కిరాయి ఇల్లు. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ కార్డులు, కోర్టు కాగితాలు, అన్నీ అక్కడే కొట్టి అచ్చుకు పంపేవాళ్ళు. అత్త పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, ముగ్గుచేతులు కొంగుకు తుడుచుకుని కంప్యూటర్ మీది గుడ్డ తీసేది. మానిటర్‌కు బొట్టు పెట్టేది. వెనక వంటింట్లోంచి ఉగ్గాని తాలింపు, ముందు గదిలో ప్రింటర్‌లోంచి వచ్చే వేడి కాగితం వాసన, రెండూ నడిమి గుమ్మం దగ్గర కలిసేవి. ఇప్పటికీ జిరాక్స్ షాపు ముందు నుంచి నడిస్తే నాకు ఆకలేస్తుంది, నవ్వితే నవ్వండి. మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి, మజ్జిగ. తినగానే మామ కుర్చీలోనే తల వేలాడేసి కునుకు తీసేవాడు. ఓబులేసు మామ బేరాలు మాట్లాడేవాడు, కాగితం తెచ్చేవాడు, అచ్చాఫీసుకు తిరిగేవాడు. కొట్టు పేరు ఆయనది, బోర్డు మీద ఫొటో ఆయనది. కొట్టు నడిచేది మాత్రం అత్త చేతుల మీద.

ఆ చేతులు పెళ్ళికి ముందు ప్రొద్దుటూరులో తెలుగు టైపుమిషన్ మీద నేర్చినవి. ఇన్‌స్టిట్యూట్‌లో మీటలు కనపడకుండా గుడ్డ కప్పి నేర్పించేవాళ్ళట. కంప్యూటర్లు వచ్చాక కూడా కార్డులు కొట్టే తెలుగు సాఫ్ట్‌వేర్‌లో టైపుమిషన్ వరసే ఉండేది కాబట్టి ఆవిడ కొత్తగా నేర్చుకోవలసిన పని పడలేదు. "అత్తా, ‘ఠ’ ఎక్కడుంది?" అని అడిగితే తెల్లమొహం వేసేది. "నాకేం తెలుసు పాపా, వేలుకు తెలుసు" అనేది. బియ్యం ఏరేటప్పుడు చేట అంచు మీద, బస్సులో చేతిసంచి మీద, ఎవరైనా సోది చెబుతుంటే మోకాలి మీద, ఆ వేళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి కొడుతూనే ఉండేవి. ఎవరింటి కార్డులో ఎవరి పేరు పైన ఉండాలో, ఏ పెద్దమ్మ పేరు తప్పితే పెళ్ళిలో ఆకు ముందు నుంచి ఎవరు లేచిపోతారో ఆవిడకు కొట్టినపిండి.

అందరి పేర్లూ కొట్టే అత్త, మొగుడి పేరు మాత్రం నోటితో అనేది కాదు. ఆ ఇంట్లో మామ పేరు "ఇదో, ఇట్ల చూడు". ఒకసారి జనాభా లెక్కలాయన వచ్చి భర్త పేరు అడిగితే, గబగబా స్క్రీన్ మీద కొట్టి మానిటర్ ఆయన వైపు తిప్పింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "నోటితో అనగూడదు, చేత్తో కొట్టొచ్చు. కార్డుల్లో కొట్టడంల్యా?" అంది. తప్పించుకునే దారి కూడా వేళ్ళతోనే వెతుక్కుంది.

మామ కునుకు తీసే ఆ మధ్యాహ్నం వేళ ఆవిడ ఇంకొకటి చేసేది. ప్రాక్టీసు. ఇన్‌స్టిట్యూట్‌లో రోజూ ఒక పేజీ కొట్టాలన్న నియమం అట, దాన్ని ఇన్నేళ్ళూ వదల్లేదు. అందులో ఏం కొట్టేదో ఎవరూ చూడలేదు, చూడాలనీ ఎవరికీ తోచలేదు. ఒకసారి టీ గ్లాసు పెట్టడానికి వంగినప్పుడు నాకు కనపడింది. "ఈ పొద్దు నార్సింగోళ్ళు పెండ్లి కార్డుకొచ్చినారు. పేర్లు యాడ వెయ్యాల్నో తెలీక అన్నదమ్ములు కొట్లాడినారు. పెండ్లికూతురు మెట్ల మీద కూర్చోని జామకాయ తింటా ఉండింది. కార్డు వంక చూడనే లేదు." నేను చదివానని చూసి అత్త సిగ్గుపడింది. "ప్రాక్టీసు పాపా. వేళ్ళు మొద్దుబారకుండా" అంది. పైకి జరిపి చూస్తే పేజీలు పేజీలు అలాగే ఉన్నాయి. కార్డులో వెయ్యడానికి వీల్లేనిదంతా, ఆ కొట్టుకు వచ్చినవాళ్ళదంతా, ఏళ్ళ తరబడి. దాన్ని ఆవిడ డైరీ అనుకోలేదు, రచన అసలే అనుకోలేదు.

ఇంతలో మామకు హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు పని దొరికింది. వాళ్ళ ట్రైనింగ్ పుస్తకాలు, డ్రైవర్లకూ సెక్యూరిటీవాళ్ళకూ తెలుగులో సూచనల కాగితాలు. మామ కాళ్ళు నేల మీద నిలవలేదు. అయితే ఆ ఆఫీసువాళ్ళొక మెలిక పెట్టారు. పని చేసేవాళ్ళ కంప్యూటర్లలో దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ ఉండకూడదు, వచ్చి చూస్తాం అన్నారు. ఆ రోడ్డు మీద ఏ కొట్టులో చూసినా ఉన్నది దొంగ కాపీయే. అసలువి కొనే తాహతు లేదు, ఆ పని వదులుకునే మనసు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడు మామ స్నేహితుడు, నార్సింగి నుంచి వచ్చి మా కంప్యూటర్లు బాగుచేసిపెట్టే యాదగిరి, లినక్స్ మాట తెచ్చాడు. "పరేషాన్ గాకు అన్నా. పైసల్లేకుండ దొరుకుతది, దొంగది గాదు. ఎవడొచ్చి చూసినా ఫికర్ లేదు" అన్నాడు. నేను అమీర్‌పేటలో నేర్చుకుంటున్నదీ అదే కాబట్టి తగుదునమ్మా అని తల ఊపాను.

యాదగిరి మూడు సీడీలు తెచ్చి బల్ల మీద పేర్చాడు. మూడూ మూడు రకాల లినక్స్. ఉబుంటు, ఫెడోరా, డెబియన్. అంగట్లో వంకాయ కూడా గిల్లి చూడనిదే కొనని మనిషి మా మామ. వాటిలో ఒక సీడీని అసలు ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిపి చూడొచ్చని, ముందు రుచి చూద్దామని నేను చెప్పాను గానీ ఆయన చెవిన పడలేదు. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అడిగింది. "దాంట్లో నా చేతులు నడుస్చాయా?" యాదగిరి నా వంక చూశాడు, నేను మామ వంక చూశాను. "నడవకేం, కంప్యూటరే కదా" అన్నాడు మామ. ఆ ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ వెంకన్న పటం ముందు చీటీలు వేసి తీసుకునేవే. ఇల్లు మారాలా వద్దా అన్నదీ, మొన్న అత్తకు ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో అన్నదీ, అంతా చీటీయే. మామ మూడు పేర్లూ రాసి, మడిచి, పటం ముందు వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. ఏ పేరు వచ్చిందో ఇక్కడ చెప్పను, తప్పు దానిది కాదు పాపం.

శుక్రవారం పొద్దున ముహూర్తం. రాహుకాలం రాకముందే మొదలుపెట్టేయాలి. అత్త వెనక ప్రసాదానికి పొంగలి చేస్తోంది, నెయ్యి కాగే వాసన కొట్టు దాకా వస్తోంది. యాదగిరి సీడీ పెట్టి అడిగాడు. "అన్నా, పాతయన్నీ వేరే తీసి పెట్టినవా?" మామ గడియారం చూస్తూ, "అన్నీ సీడీల్లో ఉండాయిలేప్పా, కానీ" అన్నాడు. సీడీల్లో ఉన్నది కార్డుల బొమ్మలు, బోర్డర్లు. అత్త కొట్టింది ఎక్కడుందో మామకు తెలియదు, తెలియదన్న సంగతీ తెలియదు. "మామా, అత్తను పిలుద్దాం" అన్నాను. "పొయ్యి మీద పొంగలి వదిలి ఏమొస్చాదమ్మా. మించిపోతాంది టైము" అన్నాడు. డిస్క్ మొత్తం తుడిచి ఇన్‌స్టాల్ చెయ్యమంటావా అని స్క్రీన్ అడిగింది. యజమాని చేతి మీదుగా జరగాలని మామ కుంకుమ అంటిన వేలితో తనే నొక్కాడు. ఆలస్యం అమృతం విషం అంటారు. కొన్నిచోట్ల తొందరే విషమని ఎవరూ చెప్పరు.

అత్త పొంగలి గిన్నె పట్టుకుని వచ్చేసరికి కొత్త స్క్రీన్ వెలుగుతోంది. చేతులు తుడుచుకుని కూర్చుని "శ్రీరస్తు" కొట్టబోయింది. ఏదో పడింది, శ్రీరస్తు మాత్రం కాదు. మళ్ళీ కొట్టింది. మీటల వరసే వేరు, ఆ రోజుల్లో ఒత్తులు కూడా అక్షరం కింద కుదురుగా కూర్చునేవి కావు, పక్కకు జరిగి నిలబడేవి. ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. ఆ వేళ్ళు ఆగడం నేను అదే మొదటిసారి చూడటం. "నావన్నీ యాడుండాయి?" అని అడిగింది. యాదగిరి తల దించుకున్నాడు. "వదినా, అన్న చెప్పిండు గదా అని…" అని నసిగాడు. కార్డులు పోతే అచ్చయినవి చూసి మళ్ళీ కొట్టుకోవచ్చులే అన్నాడు మామ, మొహం పాలిపోయి. అది నిజమే. ప్రాక్టీసు ఎక్కడా అచ్చు కాలేదు. అత్త లేచి గిన్నె అందుకుని, "సరే, పొంగలి చల్లారిపోతాంది, తినండి" అంది. తర్వాత వంటింట్లో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఆ ప్రాక్టీసు సంగతి మీ మామకు చెప్పాకు. కుమిలిపోతాడు."

మామ నిజాంపేట హాస్టల్లో ఉండే ఒకమ్మాయిని టైపింగ్‌కు పెట్టాడు. ఆ పిల్ల ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు పడేది. చురుకైన పిల్లే. అత్త కాఫీ ఇచ్చి వెనక్కి వచ్చేసేది. చేట అంచు మీద ఆవిడ వేళ్ళు కదలడం మానేశాయి. బియ్యం మాత్రమే ఏరేది. నాకు అన్నం సయించేది కాదు. పనిలేక కూర్చున్న మనుషులను చాలామందిని చూశాను గానీ, చేతులే పోయినట్టు కూర్చున్న మనిషిని చూడటం అదే.

లినక్స్‌లో ఏదైనా విప్పి మార్చుకోవచ్చని కోర్సులో చెప్పారు కదా, మీటల వరసను కూడా మార్చవచ్చని కొన్నాళ్ళకు తెలిసింది. ఏ మీటకు ఏ అక్షరమో ఒక ఫైల్లో రాస్తే చాలు. కానీ రాయడానికి అత్తకు తెలియదు, వేళ్ళకే తెలుసు. చివరికి మధ్యాహ్నాల్లో, కొట్టులో ఎవరూ లేనప్పుడు, అత్త కళ్ళు మూసుకుని నోటితో ఒక మాట అనేది, వేళ్ళు కొట్టేవి, ఏ వేలు ఎక్కడ పడిందో చూసి నేను రాసుకునేదాన్ని. "శుభమస్తు. చిరంజీవి. జ్యేష్ఠపుత్రుడు." ఆవిడ గొంతు ముందు, వేలు వెనక, నా కన్ను దాని వెనక. ఠ, ఝ, ఞ అన్నీ ఒక్కొక్కటే దొరికాయి. చేతులైతే నడిచాయి. కొట్టు మాత్రం నడవలేదు. ఒత్తులు చెదిరిన పుస్తకాలు చూసి ఆ ఆఫీసువాళ్ళు పని ఇంకొకరికి ఇచ్చేశారు. మామ చప్పుడు చెయ్యకుండా పాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేయించాడు. తర్వాత కార్డులన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి, కొట్టు మూతపడింది, మా ఫైలున్న కంప్యూటర్ పాతసామానులోకి పోయింది. అత్త ప్రాక్టీసు మళ్ళీ మొదలుపెట్టలేదు. "ఇంగ ఏంటికిలే" అనేది.

ఇప్పుడా ఇల్లున్న చోట తల ఎత్తితే మెడ పట్టేసే భవనం ఉంది, అత్తావాళ్ళు కొంచెం లోపలి వీధిలో ఉంటున్నారు. అప్పుడు సీడీలో తెచ్చి దేవుడి ముందు చీటీ వేసిన సరుకే ఇప్పుడు ఆ అద్దాల భవనాలన్నిటినీ లోపల్నుంచి నడుపుతోంది, పైన కూర్చున్నవాళ్ళలో సగం మందికి దాని పేరు తెలియదు. మా ఆఫీసులో కూడా ఈ మధ్య మీటింగ్ పెడితే, మేము చేసే పనిలో ఎంత భాగం ఇకపై యంత్రమే చేసుకుంటుందో చెబుతున్నారు. నా పక్క సీటు కుర్రాళ్ళు హుషారుగా వింటారు. నేను మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తను తలుచుకుంటాను. ఆవిడ అడిగిన ప్రశ్న అడగడానికి నాకు నోరు రావడం లేదు.

ఈసారి చీటీలు వెయ్యలేదు. మా పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటీ పెన్‌డ్రైవ్‌లోంచి నడిపి చూశాను. వంకాయ గిల్లినట్టే గిల్లాను. ఒకటి కంటికి ఇంపుగా ఉంది, ఆ ముసలి ల్యాప్‌టాప్ దాన్ని మొయ్యలేక రొప్పింది. ఇంకొకటి మాటిమాటికీ కొత్తదనం తెస్తుంది, ఈ రోజు కుదిర్చింది రేపు కదిలిపోవచ్చు. "ఫోన్‌లో యాప్ ఉంటది కదా మేడం" అన్నాడు ఆఫీసులో ఒకబ్బాయి. ఫోన్ అద్దం మీద ఆవిడ వేళ్ళు జారుతాయి నాయనా అని చెబితే అర్థం కాలేదు. పాత తెలుగు సాఫ్ట్‌వేర్ పనికిరాదు, దాంట్లో కొట్టింది మన కంటికి తెలుగేగానీ చదివే యంత్రానికి అర్థంలేని గీతలు. చివరికి డెబియన్ వేశాను. పెద్ద సోకులు లేవు, నిదానం, ఊరికే మారదు. ఆఫీసులో అయితే ఎన్నేళ్ళు సపోర్ట్ ఉంటుందని అడుగుతాం. ఇక్కడ ఆ మాట అడగబోయి నోరు మూసుకున్నాను. డాక్టర్ మళ్ళీ స్కాన్ తీయించమన్నాడు, అందులో ఏం వస్తుందో మాకెవరికీ తెలియదు. ఆవిడకు ఉన్న కాలంలో ఇంకోసారి ఏదీ నేర్చుకోనక్కర్లేకుండా ఉంటే చాలు.

మీటల ఫైలు మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. ఆ అరిగిపోయిన కీబోర్డునే తగిలించాను. ఈసారి మాట నేను అన్నాను. "శుభమస్తు. చిరంజీవి. జ్యేష్ఠపుత్రుడు." అత్త కళ్ళు మూసుకుంది, వేళ్ళు పడ్డాయి. నా గొంతు ముందు, ఆవిడ వేలు వెనక. మధ్యలో ఒకసారి నేను తర్వాతి మాట అందించడం మరిచిపోతే ఆవిడే కళ్ళు తెరిచి, కానివ్వు అన్నట్టు బల్ల మీద తట్టింది.

అంతా కుదిరిన రోజు మామ వంటింట్లో సంగటి కెలుకుతున్నాడు. ఈ వయసులో నేర్చుకున్నాడు, ఉండలు కడుతుంది. అత్త కుర్చీ ముందుకు జరుపుకుని కొట్టింది, పెద్ద మీట నొక్కింది. ముక్కుతో మాట్లాడినట్టుండే మగగొంతు ఒకటి గదిలో మోగింది.

"ఓబులేసు."

"ఎవురప్పా అది?" అంటూ మామ తెడ్డు పట్టుకుని బయటికి వచ్చాడు. తలుపు వైపు చూశాడు. నా వంక చూశాడు.

"ఓబులేసు. ఇట్ల రా."

మామకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నోటితో అనకూడదు, చేత్తో కొట్టొచ్చు. మామ నవ్వబోయాడు, కానీ వేళ్ళు అప్పుడే మళ్ళీ కదులుతున్నాయి.

"ఆ పొద్దు నన్నొక మాట అడిగింటే బాగుండు."

ఏ పొద్దని మామ అడగలేదు. "అవును" అన్నాడు. "కార్డులన్నీ మళ్ళా కొట్టుకుంటిమి గదా పద్మా" అన్నాడు చిన్నగా.

"నా ప్రాక్టీసు పోయింది."

ఏం ప్రాక్టీసని మామ నా వైపు తిరిగాడు. నేను అత్త వంక చూశాను. చెప్పు అన్నట్టు తల ఆడించింది. చెప్పాను. మధ్యాహ్నాలు, ఆయన కునుకు, పేజీలు, నా మణికట్టు పట్టుకున్న చెయ్యి, అన్నీ. మామ ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు. తెడ్డు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. "గుర్తున్నంత కొట్టు. నేనింటా" అన్నాడు. వంటింట్లో సంగటి మాడు వాసన మొదలైంది, నేను కదల్లేకపోయాను.

అత్త వేళ్ళు మీటల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ గొంతు చదవసాగింది.

"ఈ పొద్దు నార్సింగోళ్ళు పెండ్లి కార్డుకొచ్చినారు. పేర్లు యాడ వెయ్యాల్నో తెలీక అన్నదమ్ములు కొట్లాడినారు. పెండ్లికూతురు మెట్ల మీద కూర్చోని…"

అక్కడ వేళ్ళు ఆగాయి. మామ నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. నాకు ఆ తర్వాతి మాట తెలుసు, నాలుక చివర ఉంది, నేనూ పలకలేదు. ఇద్దరం ఆవిడ చేతుల వంక చూస్తూ కూర్చున్నాం.

"జామకాయ తింటా ఉండింది. కార్డు వంక చూడనే లేదు."

"తర్వాత?" అన్నాడు మామ.